జీపీఎస్ ముడి దత్తాంశాల అనంతర గణన

జీపీఎస్ అనంతర గణన అనగా, రిసీవరు ఉపగ్రహాల నుండి గ్రహించిన కొలతలను అప్పటికప్పుడు స్థానంగా మార్చి వదిలివేయకుండా, వాటిని యథాతథంగా భద్రపరచి, తరువాత కంప్యూటరు మీద తీరికగా తిరిగి లెక్కించే పద్ధతి. ఈ లెక్కలో రెండు రకాల సహాయం తీసుకుంటారు. స్థానం ముందే తెలిసిన మరొక చోట అదే సమయంలో పనిచేసిన రిసీవరు కొలతలు ఒకటి, ఉపగ్రహాల కక్ష్యలను, గడియారాలను గురించి తరువాత వెలువడే మెరుగైన వివరాలు మరొకటి. సర్వే నిపుణులు దీనిని పోస్ట్‌ప్రాసెసింగ్ అని వ్యవహరిస్తారు. చేతిలో ఇమిడే సాధారణ జీపీఎస్ పరికరం ఆరుబయట 3 నుండి 5 మీటర్ల తేడాతో స్థానాన్ని చూపుతుంది. అదే పరికరం తన ముడి కొలతలను బయటకు ఇవ్వగలిగితే, అనంతర గణన ద్వారా ఆ తేడాను ఒక మీటరుకు, అనుకూల పరిస్థితులలో కొన్ని సెంటీమీటర్లకు తగ్గించవచ్చు.

తెర మీది అంకెలు

చేతి జీపీఎస్ పరికరాలు అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తరువాత ఐదు లేక ఆరు స్థానాల వరకు చూపుతాయి. అక్షాంశంలో ఐదవ దశాంశ స్థానం అంటే నేలమీద సుమారు 1.1 మీటరు, ఆరవది అంటే 11 సెంటీమీటర్లు. అంకెలు ఉన్నంత మాత్రాన ఆ మేరకు ఖచ్చితత్వం ఉన్నట్లు కాదు. అదే రాయి మీద అదే పరికరాన్ని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఉంచి చూస్తే ఐదవ స్థానమే కాదు, ఒక్కొక్కసారి నాలుగవ స్థానం కూడా మారడం గమనించవచ్చు.

ఈ తేడా కొన్ని పనులకు లెక్కలోకి రాదు. దారి వెతుక్కునేవారికి ఐదు మీటర్లు ఒక సమస్య కాదు. భూమి కొలతకు వస్తే సంగతి వేరు. ఐదు సెంట్ల చదరపు స్థలం విస్తీర్ణం సుమారు 202 చదరపు మీటర్లు, భుజం 14 మీటర్ల పైచిలుకు. దానిలో ఒక వైపు హద్దు 3 మీటర్లు జరిగితే దాదాపు 43 చదరపు మీటర్లు, అంటే ఒక సెంటుకు పైగా భూమి కాగితం మీద చేతులు మారుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అమలులో భాగంగా ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో పోడు భూములను కొలవడానికి చేతి జీపీఎస్ పరికరాలను వాడారు. ఎకరం చదరపు చెక్క నాలుగు మూలలలో ప్రతి మూలకు, ఉత్తర దక్షిణంగాను తూర్పు పడమరగాను, 3 మీటర్ల స్వతంత్ర దోషం ఉండే అవకాశం ఉంటే, విస్తీర్ణంలో సుమారు 270 చదరపు మీటర్ల తేడా, అనగా ఆరు సెంట్లకు మించి, సహజంగానే రావచ్చు. ఎకరం మీద బతికే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. నాలుగు మూలలనూ కొద్ది నిమిషాల వ్యవధిలో, ఆగకుండా నడుస్తూ కొలిస్తే విస్తీర్ణం పై లెక్క సూచించిన దానికంటే చాలా మెరుగ్గా వస్తుంది. కారణం, ఆ కొద్ది నిమిషాలలో దోషం పెద్దగా మారదు, నాలుగు మూలలూ ఒకే దిక్కుకు ఒకే దూరం జరుగుతాయి. ఆకారం సరిగానే ఉంటుంది, చెక్క మొత్తం పక్కకు తప్పుకుంటుంది. దోషంలో చాలా భాగం నిలకడగా, ఉమ్మడిగా ఉంటుందన్న ఈ సంగతే అనంతర గణనకు మూలం.

దోషం నిలకడగా ఉండడం వలన మరొక పర్యవసానం కూడా ఉంది. ఒకే చోట పది నిమిషాలు నిలబడి సగటు తీస్తే ఖచ్చితత్వం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు, పరికరాలలో అందుకు ప్రత్యేకమైన మీట కూడా ఉంటుంది. పది నిమిషాలలో మారని దోషాన్ని సగటు తొలగించలేదు. గంటల తరబడి, వేర్వేరు రోజులలో తీసిన సగటు మాత్రమే కొంత మేలు చేస్తుంది.

రిసీవరు నిజంగా కొలిచేది

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, పరమాణు గడియారాల లయకు అనుగుణంగా సంకేతాలను ప్రసారం చేస్తాయి. పౌర వినియోగానికి ఉద్దేశించిన ప్రధాన సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల ఎల్1 తరంగం మీద వస్తుంది. ఆ తరంగం మీద 1023 గుర్తులు గల ఒక కోడ్ ప్రతి మిల్లీ సెకనుకు ఒకసారి పునరావృతం అవుతుంది. రిసీవరు తన లోపల అదే కోడ్‌ను తయారు చేసుకుని, వచ్చినదానిని దానితో పోల్చి, ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలుస్తుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

అయితే రిసీవరులోనిది చవక గడియారం. అది సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే ఈ దూరాన్ని మిథ్యాదూరం అంటారు. కనీసం నాలుగు ఉపగ్రహాల మిథ్యాదూరాలు దొరికితే స్థానానికి చెందిన మూడు అజ్ఞాతాలనూ, గడియారపు తప్పును నాలుగవ అజ్ఞాతంగానూ ఒకేసారి సాధించవచ్చు. మామూలు పరికరం ఈ పనిని సెకనుకు ఒకసారి చేసి, ఫలితాన్ని తెర మీద చూపి, మిథ్యాదూరాలను పారవేస్తుంది. అనంతర గణనకు కావలసినవి అలా పారవేసినవే.

దోషాలు ఎక్కడివి

ఉపగ్రహం తాను ఎక్కడ ఉన్నదో, తన గడియారం ఎంత తప్పుతున్నదో తానే ప్రసారం చేస్తుంది. ఇది ముందుగా వేసిన అంచనా కనుక కక్ష్యలో సుమారు ఒక మీటరు మేర తేడా ఉంటుంది, గడియారంలో కొన్ని నానో సెకన్ల తేడా ఉంటుంది. ఒక నానో సెకను అంటే 30 సెంటీమీటర్లు. ఒకప్పుడు అమెరికా రక్షణ శాఖ ఉద్దేశపూర్వకంగా ఈ సంకేతాలలో మరింత దోషాన్ని కలిపేది. దానివలన పౌర రిసీవర్లలో తేడా వంద మీటర్ల వరకు ఉండేది. 2000 మే 2న ఆ కలుపుడును నిలిపివేశారు.

అన్నిటికంటే పెద్దది, అందులోనూ భారతదేశానికి సంబంధించి ముఖ్యమైనది, అయనోవరణం వలన కలిగే ఆలస్యం. సూర్యకాంతి వలన విడివడిన ఎలక్ట్రాన్లు సంకేతాన్ని నెమ్మదింపజేస్తాయి. సంకేతం దారిలో చదరపు మీటరు అడ్డుకోతకు ఇన్ని ఎలక్ట్రాన్లు అని అతి పెద్ద సంఖ్యలు చెప్పడం కంటే, శాస్త్రజ్ఞులు వాడే ప్రమాణాన్నే తీసుకోవడం సులువు. ఎలక్ట్రాన్ల మొత్తం ఒక టెక్ యూనిట్ పెరిగితే ఎల్1 మీద దూరం 16 సెంటీమీటర్లు ఎక్కువగా కనబడుతుంది. సూర్యుడు చురుకుగా ఉండే సంవత్సరాలలో మధ్యాహ్న వేళ ఈ మొత్తం 100 యూనిట్లకు చేరితే దోషం 16 మీటర్లు అవుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొన మీదుగా పోతుంది. దానికి ఉత్తరంగా ఎలక్ట్రాన్లు పోగుపడే ప్రాంతం మధ్య భారతం మీద ఏర్పడుతుంది. తెలుగు ప్రాంతాలు ఈ రెంటి నడుమ, ఎలక్ట్రాన్ల సాంద్రత చోటు చోటుకూ త్వరగా మారే మండలంలో ఉన్నాయి. ఐరోపాలోనో ఉత్తర అమెరికాలోనో వెలువడిన పుస్తకాలలోని అంకెలు ఇక్కడ యథాతథంగా పనికిరాకపోవడానికి ఇది ఒక కారణం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనోవరణ పరిశోధన దశాబ్దాలుగా సాగుతున్నది. భారతదేశపు గగన్ వ్యవస్థకు అవసరమైన అధ్యయనాలలో అక్కడి శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్నారు.

దిగువ వాతావరణం వలన నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి సుమారు 2.3 మీటర్ల ఆలస్యం కలుగుతుంది. దిగంతానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహానికి ఇది అనేక రెట్లు పెరుగుతుంది. దీనిని సూత్రాలతో చాలావరకు సవరించవచ్చు.

మిగిలినది పరావర్తనం. గోడల మీద, వాహనాల మీద, తడి ఆకుల మీద పడి తిరిగి వచ్చిన సంకేతం నేరుగా వచ్చినదానితో కలిసి దూరాన్ని తప్పుగా చూపుతుంది. ఇది పైవాటివలె కాదు. పది అడుగులు పక్కకు జరిగితే మారిపోతుంది. ఆ రిసీవరుకు, ఆ చోటుకు మాత్రమే చెందినది.

తేడా తీయుట

స్థానం సెంటీమీటర్ల మేరకు తెలిసిన ఒక బిందువు వద్ద రిసీవరును నెలకొల్పారనుకుందాం. దీనిని ఆధార కేంద్రం అంటారు. ఒక క్షణంలో ఫలానా ఉపగ్రహానికి అక్కడి నుండి దూరం ఎంత ఉండాలో లెక్క వేయవచ్చు. లెక్క ప్రకారం ఉండవలసిన దానికంటే కొలిచిన దూరం, రిసీవరు గడియారపు తప్పును పక్కన పెడితే, 11 మీటర్లు ఎక్కువ వచ్చిందనుకుందాం. ఆ 11 మీటర్లలో ఉపగ్రహపు గడియారం, కక్ష్య, అయనోవరణం, దిగువ వాతావరణం అన్నీ కలిసి ఉన్నాయి. దేని వాటా ఎంత అన్నది తెలియనవసరం లేదు. కొద్ది కిలోమీటర్ల దూరంలో, అదే క్షణంలో, అదే ఉపగ్రహాన్ని చూస్తున్న చేతి పరికరపు కొలతలో కూడా దాదాపు అదే 11 మీటర్లు ఉంటుంది. దానిని తీసివేస్తే సరిపోతుంది.

ఈ తీసివేత ఎంత బలమైనదో కక్ష్యా దోషం విషయంలో స్పష్టంగా కనబడుతుంది. ఉపగ్రహం 20,000 కిలోమీటర్ల దూరాన ఉంది, రెండు రిసీవర్ల మధ్య దూరం 20 కిలోమీటర్లు. ఉపగ్రహం తన స్థానాన్ని ఒక మీటరు తప్పుగా చెప్పినా, తేడా తీసిన తరువాత మిగిలేది ఆ మీటరులో వెయ్యవ వంతు, అనగా ఒక మిల్లీమీటరు.

ఒకే ఉపగ్రహానికి రెండు రిసీవర్ల కొలతల మధ్య తేడా తీస్తే ఉపగ్రహపు గడియారం లెక్కలో నుండి తొలగిపోతుంది. అటువంటి తేడాలను రెండు ఉపగ్రహాలకు తీసి, వాటి మధ్య మరల తేడా తీస్తే రిసీవర్ల గడియారాలు కూడా తొలగిపోతాయి. ఈ ద్వంద్వ భేదమే సర్వే గణనలకు పునాది. చవక గడియారం గల చేతి పరికరం ఈ దశలో ఖరీదైన సర్వే రిసీవరుతో సమానమవుతుంది.

స్థానాలను కాక కొలతలనే ఎందుకు సవరించాలి

ఆధార కేంద్రం తెర మీద తన స్థానం 4 మీటర్లు ఉత్తరానికి తప్పి కనబడితే, చేతి పరికరం చూపిన స్థానాన్ని కూడా 4 మీటర్లు దక్షిణానికి జరిపితే చాలదా అన్న ప్రశ్న సహజం. ఇది చాలామంది మొదట ప్రయత్నించే ఉపాయం, చాలావరకు నిరాశ కలిగించేది కూడా. ఆధార కేంద్రం పది ఉపగ్రహాలతో లెక్క వేసి ఉండవచ్చు. చెట్టు పక్కన ఉన్న చేతి పరికరం ఏడింటితోనే వేసి ఉండవచ్చు. ఉపగ్రహాల సమూహం మారితే అవే దోషాలు స్థానాన్ని వేరొక దిక్కుకు నెడతాయి. పైగా చేతి పరికరాలు స్థానాన్ని నునుపు చేస్తాయి, నిలబడి ఉంటే కదలకుండా పట్టి ఉంచుతాయి. ఫోనులలోని కొన్ని అనువర్తనాలు స్థానాన్ని దగ్గరి రోడ్డు మీదకు లాగుతాయి కూడా. ఇన్ని మార్పుల తరువాత మిగిలిన స్థానాన్ని చూసి మూలాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. అందుకే ఒక్కొక్క ఉపగ్రహానికి విడివిడిగా ఉన్న ముడి కొలతలు కావాలి.

వాహక తరంగం, పూర్ణసంఖ్యల చిక్కు

కోడ్‌లోని ఒక్కొక్క గుర్తు నేలమీద 293 మీటర్ల పొడవుకు సమానం. అందులో నూరవ వంతు వరకు కొలవగలిగినా 3 మీటర్లు. కోడ్‌ను మోసుకువచ్చే తరంగపు తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు మాత్రమే. అందులో నూరవ వంతు 2 మిల్లీమీటర్లు. సర్వే రిసీవర్ల సెంటీమీటరు ఖచ్చితత్వానికి కారణం ఈ తరంగపు ప్రావస్థను కొలవడమే.

చిక్కు ఏమంటే, ఏ తరంగమైనా పక్క తరంగం వంటిదే. పాతకాలంలో గొలుసుతో పొలాన్ని కొలిచే వ్యక్తి, చివరి గొలుసులో ఎన్ని లింకులు వచ్చాయో సరిగా రాసుకుని, అంతకు ముందు ఎన్ని నిండు గొలుసులు పరిచాడో మరచిపోతే ఎలా ఉంటుందో రిసీవరు పరిస్థితి అలా ఉంటుంది. తరంగంలోని భిన్నభాగం అతి సూక్ష్మంగా తెలుసు, దారిలో ఎన్ని నిండు తరంగాలు ఉన్నాయో తెలియదు. ఆ సంఖ్య పది కోట్ల ప్రాంతంలో ఉంటుంది. అయితే అది పూర్ణసంఖ్య, సంకేతం తెగకుండా ఉన్నంతసేపు మారదు. ఉపగ్రహాలు ఆకాశంలో కదిలిన కొద్దీ ఏ పూర్ణసంఖ్యల సమూహం కొలతలన్నిటికీ సరిపోతుందో క్రమంగా తేలుతుంది. ఆ సమూహాన్ని వేగంగా వెదికే లామ్డా పద్ధతిని నెదర్లాండ్స్ దేశపు డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ టోయ్నిసెన్ 1993లో ప్రతిపాదించాడు.

పూర్ణసంఖ్యలు నిర్ధారణ అయిన ఫలితాన్ని స్థిర పరిష్కారం అనీ, దశాంశాలుగానే మిగిలిపోయినదానిని తేలుడు పరిష్కారం అనీ అనవచ్చు. మొదటిది సెంటీమీటర్లలో ఉంటుంది, రెండవది సాధారణంగా డెసీమీటర్ల నుండి మీటరు వరకు ఉంటుంది. ప్రమాదకరమైనది మూడవది, అనగా పూర్ణసంఖ్యలను తప్పుగా స్థిరపరచిన పరిష్కారం. చూడడానికి సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో నిశ్చలంగా కనబడుతూ, నిజానికి అర మీటరు దూరంలో ఉండవచ్చు.

సంకేతం క్షణకాలం తెగినా నిండు తరంగాల లెక్క చెడిపోతుంది. దీనిని సైకిల్ స్లిప్ అంటారు. చేతి పరికరాన్ని చెట్ల కిందుగా మోసుకుపోయినప్పుడు ఇవి అడుగడుగునా వస్తాయి.

చేతి పరికరాల నుండి ముడి దత్తాంశాలు

అనంతర గణన నేటి ఆలోచన కాదు. సర్వే పనులకు జీపీఎస్‌ను 1980వ దశకం తొలినాళ్ళలో వాడడం మొదలుపెట్టినప్పుడు అదొక్కటే మార్గం. అప్పటికప్పుడు సెంటీమీటర్ల ఫలితం ఇచ్చే పద్ధతులు 1990వ దశకంలో వచ్చాయి. వేర్వేరు కంపెనీల రిసీవర్లు వేర్వేరు రూపాలలో దత్తాంశాలను దాచుకునేవి కనుక, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే రైనెక్స్ అనే పాఠ్య రూపాన్ని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ గుర్ట్‌నర్ 1989లో రూపొందించాడు. ఈనాటికీ ముడి దత్తాంశాల మార్పిడికి అదే ప్రమాణం. దాని నాలుగవ సంచిక 2021లో వెలువడింది.

సామాన్యుల చేతి పరికరాల తయారీదారులు మాత్రం ముడి కొలతలను బయటపెట్టలేదు. ట్రింబుల్ సంస్థ జియోఎక్స్‌ప్లోరర్ వంటి వృత్తి పరికరాలు అనంతర సవరణకు అనువుగా ఉండేవి, ధర మాత్రం అనేక రెట్లు. 2000 ప్రాంతంలో ఈ గోడకు ఒక కన్నం పడింది. గార్మిన్ సంస్థ తయారుచేసిన కొన్ని 12 ఛానళ్ళ చేతి పరికరాలు, సీరియల్ తీగ ద్వారా అడిగే విధంగా అడిగితే, పత్రాలలో ఎక్కడా ప్రస్తావించని సందేశాలలో మిథ్యాదూరాన్నీ ప్రావస్థనూ పంపుతాయని తేలింది. స్పెయిన్‌లోని మాడ్రిడ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంటోనియో టబెర్నెరో గలాన్ ఆ సందేశాలను నమోదు చేసి రైనెక్స్‌గా మార్చే ప్రోగ్రాములను రాసి అందరికీ అందించాడు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో గ్రింగో అనే ప్రోగ్రాము ఇదే పని కోసం తయారైంది. బడి పిల్లల సైకిలు యాత్రకు కొన్న పరికరంతో మీటరు ఖచ్చితత్వం సాధించవచ్చని అవి చూపాయి. ఆ మార్గం కొన్ని నమూనాలకే పరిమితం.

రెండవ మలుపు చిప్పుల రూపంలో వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన యుబ్లాక్స్ సంస్థ ముడి కొలతలను బాహాటంగా ఇచ్చే చవక మాడ్యూళ్ళను విక్రయించింది. జపాన్‌కు చెందిన తోమోజీ తకాసు రూపొందించిన ఆర్‌టీకేలిబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాటికి తోడైంది. అంతవరకు లక్షల రూపాయల లైసెన్సులతో ముడిపడిన గణన ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది.

మూడవది ఫోను. 2016లో వెలువడిన ఆండ్రాయిడ్ 7 నుండి ఫోనులోని ఉపగ్రహ కొలతలను అనువర్తనాలు నేరుగా చదవడానికి వీలు కలిగింది. 2018లో వచ్చిన షావోమి మి 8 రెండు పౌనఃపున్యాలను గ్రహించగల తొలి ఫోను. అయితే బ్యాటరీని ఆదా చేయడానికి ఫోను తన రిసీవరును ప్రతి సెకనులోనూ కొంతసేపు ఆపుతుంది. ఆపిన ప్రతిసారీ నిండు తరంగాల లెక్క తెగుతుంది. ఈ ఆపుడును నిరోధించే ఎంపికను ఆండ్రాయిడ్ 9లో డెవలపర్ల అమరికలలో చేర్చారు. దానిని ఎంచుకోకుండా నమోదు చేసిన దత్తాంశాలలో ప్రావస్థ దాదాపు నిరుపయోగం.

ఆధార కేంద్రాలు

అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ సేవ అనే సహకార సంస్థ 1994 నుండి ప్రపంచవ్యాప్తంగా ఉన్న కేంద్రాల దత్తాంశాలను ఉచితంగా అందిస్తున్నది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలోని కేంద్రం, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రం ఈ వలయంలోనివి. భువనగిరిలోనో షాద్‌నగర్‌లోనో కొలిచేవారికి హైదరాబాదు కేంద్రం కోడ్ సవరణకు ఉపకరిస్తుంది. శ్రీకాకుళంలో ఉన్నవారికి అది 500 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరాన రెండు చోట్ల అయనోవరణం ఒకటి కాదు కనుక తీసివేత వలన ఒనగూరే మేలు తక్కువ.

సర్వే ఆఫ్ ఇండియా ఇటీవలి సంవత్సరాలలో దేశమంతటా నిరంతరం పనిచేసే కేంద్రాల వలయాన్ని నెలకొల్పింది. నమోదు చేసుకున్నవారికి వాటి దత్తాంశాలు లభిస్తాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో కూడా ఇటువంటి ఆధార కేంద్రాలను, వాటితో అప్పటికప్పుడు సంధానమయ్యే రోవర్లను వాడారు. దగ్గరలో ఏ కేంద్రమూ లేనప్పుడు రెండవ చవక రిసీవరును ఒక డాబా మీద బిగించి సొంత ఆధారం ఏర్పరచుకోవడం ఒక మార్గం. ఒకే పౌనఃపున్యంతో ప్రావస్థను స్థిరపరచాలంటే ఆధార కేంద్రం పది కిలోమీటర్ల లోపు ఉండడం మంచిది.

ఆచరణ

పని మొత్తంలో ఎక్కువ భాగం కంప్యూటరు ముందు కాక నేల మీదనే నిర్ణయమవుతుంది. ఆకాశం విశాలంగా కనబడే చోటు ఎంచుకోవాలి. పరికరాన్ని చేతిలో పట్టుకోక ఒక ఆధారం మీద కదలకుండా ఉంచాలి. చవక యాంటెన్నా కింద లోహపు పలక ఉంచితే కింది నుండి వచ్చే పరావర్తనాలు తగ్గుతాయి. ఇందుకు వంటింటి స్టీలు పళ్ళెం కూడా పనికివస్తుంది. కోడ్ సవరణకు కొన్ని నిమిషాలు చాలు. ప్రావస్థ ద్వారా సెంటీమీటర్లు కావాలంటే, ఒకే పౌనఃపున్యపు రిసీవరుతో అర గంట నుండి గంట వరకు నమోదు చేయవలసి ఉంటుంది. మధ్యాహ్నపు వేళ, సూర్యాస్తమయం తరువాతి కొన్ని గంటలు తప్పించి, ఉదయం పని ముగించడం ఈ ప్రాంతంలో తెలివైన పని. సాయంత్రం తరువాత అయనోవరణంలో ఏర్పడే బుడగల వంటి ఎలక్ట్రాన్ల లేమి వలన సంకేతాలు నక్షత్రాల వలె మినుకుమంటాయి, ఒక్కొక్కసారి తెగిపోతాయి.

తరువాత చేతి పరికరపు ఫైలును రైనెక్స్‌లోకి మార్చి, అదే సమయానికి చెందిన ఆధార కేంద్రపు ఫైలును, ఆ రోజు ప్రసార కక్ష్యల ఫైలును తెచ్చుకోవాలి. ఈ ఫైళ్ళలో కాలం జీపీఎస్ కాలమానంలో ఉంటుంది. భారత కాలమానం నుండి ఐదున్నర గంటలు తగ్గించుకుని తేదీ చూడకపోతే ఉదయం ఐదున్నరకు ముందు తీసిన కొలతకు మరుసటి రోజు ఫైలు తెచ్చుకునే పొరపాటు జరుగుతుంది. గణనలో దిగంతానికి 15 డిగ్రీల లోపు ఉన్న ఉపగ్రహాలను వదిలివేయడం పరిపాటి. ఆధార కేంద్రపు నిరూపకాలను ఫైలు తలభాగం నుండి గుడ్డిగా తీసుకోరాదు. అక్కడ తరచు ఉజ్జాయింపు విలువలే ఉంటాయి. ఆధారం రెండు మీటర్లు తప్పితే ఫలితం కూడా సరిగ్గా రెండు మీటర్లు తప్పుతుంది, పైగా ఏ హెచ్చరికా రాదు.

ఫలితం నమ్మదగినదో కాదో తేల్చుకునేందుకు సులువైన పరీక్ష, అదే బిందువును మరొక రోజు, మరొక వేళ తిరిగి కొలవడం. ఉపగ్రహాల అమరిక మారినా ఫలితం మారకపోతే పూర్ణసంఖ్యలు సరిగా స్థిరపడినట్లు భావించవచ్చు. సాఫ్ట్‌వేరు తానే ప్రకటించే ఖచ్చితత్వపు అంచనా ఎప్పుడూ ఆశాజనకంగానే ఉంటుంది.

ఆధార కేంద్రం లేకుండా

కక్ష్యలు, గడియారాలు తరువాత సెంటీమీటర్ల మేరకు తెలుస్తాయి కనుక ఆధార కేంద్రం లేకుండానే ఒక్క రిసీవరు కొలతలను సవరించే మార్గం కూడా ఉంది. అంతర్జాతీయ సేవ వారి శీఘ్ర కక్ష్యలు మరుసటి రోజుకు, తుది కక్ష్యలు రెండు మూడు వారాలకు వెలువడతాయి. రెంటిలోనూ తేడా 2 నుండి 3 సెంటీమీటర్లు. 1997లో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు వివరించిన ఈ పద్ధతిని ఖచ్చిత బిందు స్థాన నిర్ణయం అనవచ్చు. కెనడా ప్రభుత్వం 2003 నుండి నిర్వహిస్తున్న సేవకు రైనెక్స్ ఫైలును పంపితే ఫలితం తిరిగి వస్తుంది. అది ఒకే పౌనఃపున్యపు ఫైళ్ళను కూడా స్వీకరిస్తుంది. రెండు పౌనఃపున్యాలు ఉంటే, అయనోవరణపు ఆలస్యం పౌనఃపున్యపు వర్గానికి విలోమంగా మారుతుంది కనుక, దానిని రెండు కొలతల నుండే లెక్కగట్టి తీసివేయవచ్చు. ఒకే పౌనఃపున్యం గల పరికరానికి అయనోవరణపు పటాలే గతి. అందువలన చేతి పరికరంతో ఈ పద్ధతి ఫలితం అర మీటరు దరిదాపులలో ఆగిపోతుంది.

తొలగనివి

తేడా తీయుట ఉమ్మడి దోషాలను మాత్రమే తొలగిస్తుంది. చెట్టు కొమ్మలు, పక్క గోడ, పరికరం పట్టుకున్న మనిషి శరీరం కలిగించే దోషాలు ఆధార కేంద్రానికి తెలియవు. పోడు భూముల వంటి చోట్ల, చుట్టూ అడవి ఉన్నప్పుడు, కొలత అత్యంత అవసరమైన హద్దు వెంబడే పద్ధతి అత్యంత బలహీనంగా ఉంటుంది. ఫోను యాంటెన్నా సంకేతాలను అన్ని దిక్కుల నుండీ, అన్ని ధ్రువణాలలోనూ గ్రహిస్తుంది కనుక పరావర్తనాలను వడపోయలేదు. ఫోను చిప్పు ఎంత ఆధునికమైనదైనా ఫలితం మాత్రం పదివేల రూపాయల బయటి యాంటెన్నా గల మాడ్యూలును అందుకోలేకపోవడానికి కారణం ఇదే.

నిరూపకాల సంగతి

సెంటీమీటర్ల స్థాయికి చేరిన తరువాత, ఆ నిరూపకాలు దేనికి సంబంధించినవి అన్న ప్రశ్న ఎదురవుతుంది. పాత భారతీయ పటాలు ఎవరెస్ట్ దీర్ఘవృత్తజం మీద ఆధారపడ్డాయి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84తో పోలిస్తే హైదరాబాదు ప్రాంతంలో రెంటి మధ్య తేడా వంద మీటర్లకు మించి ఉంటుంది. ఎంతో శ్రమించి అర మీటరు సవరించిన బిందువును పాత పటం మీద నేరుగా గుర్తిస్తే అది పక్క వీధిలో పడుతుంది.

ఎత్తు విషయం ఇంకా వింతగా ఉంటుంది. జీపీఎస్ గణన ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుండి కాక గణిత దీర్ఘవృత్తజం నుండి కొలిచినది. దక్షిణ భారతదేశం వద్ద సముద్ర మట్టం ఆ తలానికి అనేక పదుల మీటర్ల దిగువన ఉంది. విశాఖ సముద్రతీరాన ఇసుకలో నిలబడి తీసిన కొలతకు సున్నాకు దిగువన పదుల మీటర్ల ఎత్తు వస్తే పరికరం చెడిపోయిందని అనుకోనక్కరలేదు.

చివరగా, భారత భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతున్నది. ఖచ్చిత బిందు పద్ధతి కొలత రోజు నాటి ప్రపంచ నిరూపకాలను ఇస్తుంది. ఆధార కేంద్రాల నిరూపకాలు ఏదో ఒక నిర్దిష్ట సంవత్సరానికి బిగించి ఉంటాయి. ఇరవై ఏళ్ళ వ్యవధిలో ఈ రెంటి మధ్య ఒక మీటరు తేడా పేరుకుంటుంది. అందుచేత హద్దురాళ్ళ నిరూపకాలను రాసి ఉంచేటప్పుడు అంకెలతో పాటు వాటి ఆధార వ్యవస్థను, సంవత్సరాన్ని, వాడిన ఆధార కేంద్రాన్ని, వీలైతే ముడి ఫైలును కూడా భద్రపరచడం సర్వే నిపుణుల అలవాటు. ముడి ఫైలు ఉంటే మెరుగైన గణన పద్ధతి వచ్చినప్పుడు మరల పొలానికి వెళ్ళకుండానే తిరిగి లెక్కించవచ్చు.